బొంగరం అక్కయ్య నెలకొల్పిన ‘నెమ్మది’

పందొమ్మిది వందల తొంభై నాలుగు, జూన్ ఆరవ తేదీన మన నృత్య బృందంలో చేరిన నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు, మన ప్రధాన నర్తకీమణి కుర్చీలో నిండుగా కూర్చోగా చూసినవారు లేరు. అభ్యాసశాలలోను, ప్రయాణాలలోను, చివరకు సంతాప సభలలో సైతం కాలుగాలిన పిల్లిలా తిరిగే వారిని మనమంతా గౌరవంగానే ‘బొంగరం అక్కయ్య’ అని పిలుచుకున్నాం.

వెనుక వరుసలో ప్రారంభమైన వారి ప్రస్థానం అచిరకాలంలోనే ప్రధాన పాత్రలకు చేరింది. తెర లేచే ముందు గురువుగారు అందరినీ వరుసగా నిలిపి “కాళ్ళెలా ఉన్నాయి?” అని అడగడం, “బాగున్నాయి” అని మనం బదులివ్వడం ఆనవాయితీ. వాచినా, బెణికినా జవాబు మారేది కాదు. మారితే పాత్ర చేజారుతుందని ఎవరికి తెలియదు? ఆ దాచుకున్న నొప్పుల కోసమే అక్కయ్య ఇంట్లో నూనె కాచి తెచ్చి, చిన్నవాళ్ళ పాదాలకు స్వయంగా మర్దన చేసేవారు.

ఒకమారు యుద్ధఘట్టంలో గిరగిరా తిరుగుతూ, చీలమండ బెణికి, రంగస్థలం నడుమ చతికిలబడ్డారు. పడినట్టు కనబడరాదని కత్తిని ఒడిలో పెట్టుకొని దీర్ఘాలోచనను అభినయించారు. ఇదేదో కొత్తగా కూర్చిన ఘట్టం కాబోలనుకొని, ఇరుపక్షాల సైనికులూ బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. ప్రేక్షకులు దానిని శాంతి సందేశమని వేనోళ్ళ కొనియాడారు. గురువుగారు మాత్రం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

గత సంవత్సరం కుడి మోకాలు మొరాయించడంతో, ఇక గంతులు మానకపోతే నడకే దక్కదని వైద్యులు తేల్చి చెప్పారు. అప్పుడు వారు తమ ఆడపడుచుతో కలిసి నూనెలు, పాదస్నానపు లవణాలు, శ్వాస శిక్షణలతో ‘నెమ్మది’ అనే ఆరోగ్య సంస్థను స్థాపించారు. స్థాపించిన మనిషికి నెమ్మది లేదు. నూనెను లోకానికి పరిచయం చేయడానికి ఆడపడుచు ఎంచుకున్నది అక్కయ్య వీడ్కోలు ప్రదర్శననే.

“ఒక్కసారి ఆడు వదినా. సీసాలు వాటంతటవే పోతాయి.”

“ఆడితే నా మోకాలు పోతుంది.”

“ఆడకపోతే నూనె పరువు పోతుంది. సొంత మోకాలికి పనిచెయ్యని నూనె ఎవరు కొంటారు?”

ఆ మాట విన్నాక అక్కయ్య ఇల్లంతా కలయదిరుగుతూనే ఉన్నారు, అన్నం సైతం నిలబడే తిన్నారు. ఆడితే తాము అబద్ధాన్ని అమ్మినట్లు, మానితే చేతిలో ఉన్న ఒక్క జీవనాధారాన్నీ తామే కూలదోసుకున్నట్లు. ప్రదర్శన నాడు ముఖానికి రంగు వేసుకొని వరుసలో నిలిచారు. గురువుగారి ప్రశ్న వారి వద్దకు వచ్చింది.

“బాగాలేదండీ. కుడి మోకాలు పోయింది. ఈ పూట ఆడలేను.”

“ముందే చెప్పొచ్చు కదమ్మా!”

“ముందే చెప్పుంటే ముప్పై ఏళ్ళ కిందటే ఇంటికెళ్ళేదాన్ని.”

ఆపై పక్కనున్న అమ్మాయి “నాకు మడమ...” అన్నది. ఇంకొకరు “నడుము...” అన్నారు. గురువుగారు తల పట్టుకొని పాత్రలన్నీ మార్చారు, తెర ఆలస్యంగా లేచింది. అక్కయ్య ప్రేక్షకుల ముందుకు వెళ్ళి, “మా నూనె హాయినిస్తుంది గానీ, అరిగిన కీలును అతికించదు. నొప్పి ఉంటే ముందు ఆగండి” అని చెప్పి వచ్చారు. తర్వాత తెర పక్కన నిలబడి, తమ పాత్రను ఇంకొకరు ఆడుతుంటే చూస్తూ వెక్కివెక్కి ఏడ్చారు. ఆ రోజు సీసాలు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆడపడుచు అలిగింది గాని, అలుగుతూనే తానొక సీసా తీసి వదినగారి మోకాలికి రాసింది.

మన నొప్పిని మన నోటితో చెప్పే ధైర్యం నేర్పిన మన అక్కయ్యకు సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలని, ‘నెమ్మది’ వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఎలా ఉన్నారని అడిగినప్పుడు, “బాగున్నాను” అన్న వారి మాట ఇకపై నిజం కావాలి.