తవ్వి చూడకూడదు

చోడవరంలో ఒక చిన్న బడి. యూకేజీ గది. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. టీచరు రూపాదేవి, కీర్తి వాళ్ల నాన్న దాసు మిగిలారు.

"ముందు కూర్చోండి దాసు గారూ. నిలబడి దెబ్బలాడతారేటి?"

"కూర్చోడానికి రాలేదు మేడమ్. మా గుంటకి, కీర్తికి, ఏటి సెప్పేరో సెప్పండి."

"సైన్సు చెప్పేను. తొట్టెలో చెరుకు ముక్క పాతించేను. పిల్లలే నీళ్లు పోసేరు. పన్నెండో రోజుకి మొలకొచ్చింది. అదిగో, కిటికీ దగ్గర. ఇప్పుడు జానెడయ్యింది."

"ముక్క పాతితే చెరుకు గెడంతా మళ్లీ వస్తాదని సెప్పేరా?"

"చెప్పేను. రైతులు, మీకు తెలీనిదా?"

"తెలుసు. తెలుసు మేడమ్. ఈ సెయ్యి సూడండి."

"అయ్యో! కట్టేటి? వేలు... వేలేదండీ?"

"గానుగలో చెరుకు పెడతంటే లాగీసింది. నెలయ్యింది. ఆస్పత్రిలో అతకదనీసేరు. మా యమ్మ గుడ్డలో సుట్టి దొడ్లో పాతీసింది. గుంట సూసింది."

"కీర్తి చూసిందా?"

"మీ మొలకొచ్చిన రోజు నుంచీ అక్కడ మగ్గుతో నీళ్లు పోస్తంది."

"భగవంతుడా! ఆపలేకపోయేరా?"

"ఎలాగ? మా యమ్మ తవ్వి తీసీబోతే దాని మీద బోర్లా పడుకుండిపోయింది. తవ్వి సూస్తే సచ్చిపోద్దని మేడమ్ సెప్పిందని ఒకటే ఏడుపు."

"అది... అది నేనే చెప్పేను. పిల్లలు చెరుకు ముక్కని రోజూ పెరికి చూసేస్తంటే చెప్పేనండీ."

"రేపటికి పన్నెండో రోజు. రేపు మా నాన్నకి వేలొస్తాదని ఆటోవోడికి కూడా సెప్పీసింది. మీరే సెప్పండి, రాదని."

"నేనా? తండ్రి మీరు కదా!"

"నా మాట వినదు. మేడమ్ అబద్దం సెప్పదంటాది."

"మొన్న నన్ను అడిగింది దాసు గారూ. మొదట సిన్నదొస్తాదా మేడమ్, అని. చెరుకనుకున్నాను. అవునమ్మా, తర్వాత పెద్దదవుతుంది అన్నాను."

"అదీ సెప్పీసేరా!"

"ఏం చెయ్యమంటారు? చెరుక్కి వస్తాది, నాన్నకెందుకు రాదు అంటే ఐదేళ్ల గుంటకి ఏటి చెప్పను? నాకు తెలీడం లేదు. నిజంగా తెలీడం లేదు. ఇవాళ బడికి రాలేదేం?"

"జొరం. మంచం మీద నుంచి లెగలేదు. నీళ్లు నాన్నా, నీళ్లు నాన్నా అని ఒకటే గోల."

"ఆగండి. అయితే ఇవాళ నీళ్లు పడలేదు కదా? హమ్మయ్య. ఒక్కరోజు తప్పింది, అందుకే ఎండిపోయిందమ్మా అని చెప్దాం. ఏడుస్తాది, ఊరుకుంటాది. ఏమంటారు?"

"అలాగ సెప్పడానికి లేదు మేడమ్."

"మళ్లీ ఏటి?"

"పొద్దున్న నానే పోసేను. రెండు మగ్గులు."