కార్డుకు ఇస్త్రీ చేసిన సంగతి

నా వయసు ముప్పై నాలుగు. వృత్తి ఇస్త్రీ. వీధిలో పిల్లలూ పెద్దలూ నన్ను మడత మావయ్య అంటారు. ప్రసూతి ఆసుపత్రికి ఎదురుగానే నా దుకాణం. ఆసుపత్రివాళ్ళు రెండు నెలల క్రితం పెట్టిన దొంగతనం ఫిర్యాదు గురించి ఎస్సై గారు ఇప్పుడు అడగగా, ఇష్టపూర్వకంగా చెబుతున్నాను.

మా అక్క కొడుక్కి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు. పుట్టుకతోనే వస్తుంది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది, తిన్నది ఒంటబట్టదు. ఆ సంగతి తెలిసేసరికి వాడికి నాలుగేళ్ళు. అప్పటిదాకా వాడు దగ్గుతూనే ఉన్నాడు, మేం జలుబనుకుంటూనే ఉన్నాం. అందుకే నాకు కూతురు పుట్టగానే, ఆ జబ్బుందేమో చూసే పరీక్ష చేయమని నర్సమ్మ వెంటపడ్డాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆమె పాప మడమ గుచ్చి, దళసరి కార్డు మీద రక్తపు చుక్కలు పట్టి, బల్ల మీద ఆరబెట్టింది.

“మూడు గంటలు ఆరాలి అన్నా. ల్యాబు బండి నాలుగింటికే పోతుంది. తర్వాత రెండు రోజులు సెలవు. అవి అయ్యాక పంపుతాంలే,” అంది.

తడి ఆరలేదని పని ఆగడం నా దుకాణంలో ఎన్నడూ లేదు. ఆమె పక్క గదిలోకి వెళ్ళగానే కార్డు చొక్కా లోపల పెట్టుకుని రోడ్డు దాటాను. పైన పల్చటి గుడ్డ వేసి, పట్టుబట్టకు పెట్టే వేడి మీద రెండు వైపులా రుద్దాను. ఒక్క ముడత లేదు. మెచ్చుకుంటుందని తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. ఈలోగా కార్డు పోయిందని ఆమె వాచ్‌మన్‌ని పిలిచింది, వాచ్‌మన్ పోలీసుల్ని పిలిచాడు.

“ఇంత వెచ్చగా ఉందేంటి?”

“ఇస్త్రీ చేశానమ్మా.”

ఆమె కుర్చీలో కూలబడింది. కాసేపు నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

“వేడికి, మేం రక్తంలో వెతికేదే పాడైపోతుంది అన్నా. జబ్బున్నా లేనట్టే చూపిస్తుంది. సరిగ్గా ఆరకపోయినా, ఎండ తగిలినా నమ్మలేం; ఆరాక రెండు రోజులు ఆగితే ఏం కాదు. నువ్వు చెప్పకపోతే ‘పాపకేం లేదు’ అని కాగితం వచ్చేది. ఇంటిల్లిపాదీ సంబరపడేవాళ్ళు.”

వెంటనే వెళ్ళి పాపను ఎత్తుకొచ్చాను.

పాపకు రెండో మడమ గుచ్చారు. ఆసుపత్రి దద్దరిల్లేలా ఏడ్చింది. మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నేను చేతులు కట్టుకుని కార్డు ఎదుటే కూర్చున్నాను. ఒకసారి ఊదబోతే నర్సమ్మ “ఊదకు!” అని కసిరింది. సెలవులయ్యాకే అది ల్యాబుకు వెళ్ళింది.

పాపకు జబ్బు ఉండొచ్చని కాగితం వచ్చింది. ఖాయం చేసుకోడానికి చేసిన చెమట పరీక్షలో ఉందనే తేలింది. ఆ రోజు బాగా ఏడ్చాను. అక్కే నా వీపు చరిచి, “పిచ్చోడా, దగ్గు రాకముందే దొరికిపోయిందిరా! మావాడికి నాలుగేళ్ళు పట్టింది,” అంది. ఇప్పుడు పాలు పట్టే ముందు, అవి ఒంటబట్టే మందు వేస్తున్నాం. పాపకు బుగ్గలొచ్చాయి. కఫం కదలడానికి రోజూ వీపు తట్టే పని నాది. “మెల్లగా! అది చొక్కా కాదు,” అంటుంది మా ఆవిడ.

కార్డు తీసుకెళ్ళిన మాట నిజం. దొంగబుద్ధితో కాదు. ఎస్సై గారు ఇప్పుడు వేసుకున్న చొక్కా మడత కూడా నాదే, దానికి వేడి సరిగ్గానే పెట్టాను.

ఇందులో నేను కలిపిందీ దాచిందీ ఏమీ లేదు. చదివి వినిపించగా విని, ఎడమ బొటనవేలి ముద్ర వేశాను. సిరా ఇంకా తడిగా ఉంది. దయచేసి దానంతటదే ఆరనివ్వండి.