అటక మీద పొడి చీపురు

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు. పది రోజులుగా మంచం పట్టిన గోదాం పనిమనిషి దగ్గరికి, అదే గోదాంలో మేస్త్రీగా ఉన్న ఆమె మరిది ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“సంతకమే కదా వదినా! ఆస్తులేమన్నా రాసిమ్మన్నామా?”

“ముందు చదువు. పైకి చదువు, వింటా.”

“ఏముంటుందీ... ఇంట్లో పెంచుకునే చిలక వల్ల ఈ జబ్బు వచ్చింది, అని...”

“మా ఇంట్లో చిలకెక్కడిది నాయనా? మీ అన్నయ్య గురకకే చస్తున్నాను, దాని అరుపులు కూడానా?”

“ఉందనుకో. ఎవరొచ్చి చూస్తారు?”

“నిన్న రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ అంతా చెప్పింది. పావురాల రెట్ట ఎండితే ఆ దుమ్ములో క్రిములుంటాయట. పీలిస్తే ఊపిరితిత్తులు పట్టేస్తాయట. తడిపి తీయాలట. మనమేం చేశాం?”

“ఊడ్చాం.”

“ఎలా ఊడ్చాం?”

“వదినా...”

“పొడి చీపురుతో! అటక నిండా రెట్ట. నీళ్ళు చల్లుతానంటే నువ్వేమన్నావు?”

“కింద బట్టల తానులున్నాయి, మరకలు పడతాయన్నా. అది యజమాని మాట, నాది కాదు.”

“తానులు పాడవకూడదు. నా గుండెలు పాడైపోవచ్చు.”

“గట్టిగా మాట్లాడకు, ఆయాసమొస్తుంది.”

“రానీ!”

“సంతకం పెట్టకపోతే నీ పని పోతుంది. నాదీ పోతుంది.”

“పెడితే?”

“గోదాం మూయరు. ఎవరి పని వాళ్ళది.”

“అంటే అదే అటక, అదే పొడి చీపురు.”

“సగమే మిగిలింది వదినా.”

“ఛీ! పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో. పావురాల వల్లే వచ్చిందని ఎవరడిగినా చెబుతా, అడక్కపోయినా చెబుతా.”

“ఎంత మొండిదానివి!”

“మొండిదాన్నే. సరే, ఈ పది రోజులూ హాజరు పుస్తకంలో నా పేరెదురుగా ఏం రాశావు?”

“వచ్చినట్టే రాశా. నీ బదులు ఎవర్నో పంపావుగా, మొహానికి గుడ్డ చుట్టుకుని...”

“ఎవర్ని?”

“నాకేం తెలుసు? ఆ కంపుకి నేను పైకెక్కనే ఎక్కను. ఎవరైతేనేం, పనయింది.”

“నా పని పోకూడదని తనే వచ్చింది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నిన్న రిపోర్టు రాగానే, ఇక అటకెక్కకు అని ఫోన్ చేశా. అప్పటికే ఒళ్ళు కాలిపోతోందట, దగ్గుతూనే ఉంది.”

“ఎవరు వదినా?”

“నీ పెళ్ళాం. నిన్న రాత్రి తలనొప్పని నీకు చెప్పి ముసుగు తన్నింది చూడు, అది తలనొప్పి కాదు.”