బ్యారేజీ కింద ఎనిమిది ఆదివారాలు

గారూ గీరూ వద్దు మాస్టారూ. ఉత్త ఏసుపాదం అనండి, చాలు. ఏడాది పైన అయింది మీరు ఈ షెడ్డు గుమ్మం తొక్కి. ఇవాళ వచ్చి, లేతు మిషను పక్కన నిలబడి, 'మళ్ళీ మొదలెడదామా ఏసుపాదం గారూ' అంటే నాకెలా ఉంటుందండి?

కూర్చోండి. ఆ బల్ల మీద గ్రీజుంది, ఇటు కూర్చోండి. మీరు చెప్పవలసింది చెప్పారు, విన్నాను. ఇప్పుడు నన్ను చెప్పనివ్వండి.

అసలు నా మానాన నేనుండేవాణ్ణి కదా. ఎయిర్‌ఫోర్సులో తొమ్మిదేళ్ళు విమానాల రెక్కలు బాగుచేశాను. అక్కడ సెలవురోజుల్లో చిన్న చిన్న విమానాలు కట్టుకునేవాళ్ళం. తీగ కట్టి, మధ్యలో మనం నిలబడి, గుండ్రంగా తిప్పే రకం. తల తిరిగి పడిపోయేదాకా తిప్పేవాణ్ణి. అరవై ఒకటిలో విజయవాడ వచ్చేశాక అవన్నీ మానేశాను. పెళ్ళాం పిల్లలు, ఈ ఆటోనగర్ ఇనపరజను. బొటనవేలంత ఇంజను ఒకటి మాత్రం పాలపొడి డబ్బాలో దాచుకున్నాను. ఏడాదికోసారి తీసి తుడిచి, వేలితో తిప్పి చూసి, మళ్ళీ మూత పెట్టేవాణ్ణి. అంతే. దానికీ నాకూ ఏ గొడవా లేదు.

డెబ్భై అయిదు ఎండాకాలంలో మీరొచ్చారు, కాలేజీ లాబరేటరీకి ఏదో ఇరుసు చేయించుకోడానికి. ఆ వేళకి డబ్బా తెరిచి ఉంది. 'ఇదేమిటండీ' అని అడిగారు. ఫిజిక్సు లెక్చరరు, రామకోటేశ్వరరావు గారు, నన్ను అండీ అన్నారు.

మీ బావమరిది ఓడలో ఇంజనీరు, సింగపూరు నుంచి రేడియో పెట్టె తెచ్చాడు. దాంతో ఏం చెయ్యాలో మీకు తెలీదు. నాకు తెలుసు. తీగా గీగా లేకుండా, పెట్టె చేత్తో పట్టుకుని ఇక్కడ మీట కదిపితే అక్కడ ఆకాశంలో విమానం తిరుగుతుందని ఎప్పుడో పుస్తకంలో చదివి, నోరు తెరిచినవాణ్ణి. పద్నాలుగేళ్ళ తర్వాత అది నా బల్ల మీదికి వచ్చింది. నేనెక్కడ ఆగుతానండి?

బెండులా తేలిగ్గా ఉండే బాల్సా చెక్క కలకత్తా నుంచి తెప్పించారు. అది మీ గొప్పే, కాదనను. మరి మిగతాది? అయిదడుగుల రెక్కకి ఇరవై రెండు అడ్డబద్దలు, ఒక్కోటీ బ్లేడుతో కోసి, అరగదీసి, ఊదితే ఎగిరిపోయేంత తేలిక చేసి అతికించాను. పగలంతా లారీ ఇరుసులు పట్టుకునే చేతులివి. రెక్క మీద కప్పడానికి పల్చటి పట్టుగుడ్డ కావాలంటే మా ఆవిడ మార్త పెట్టె తెరిచి పెళ్ళిచీర తీసింది. గుణదల చర్చిలో కట్టుకున్న తెల్లచీర. వద్దులేవే అన్నాను. 'పురుగులు తినేకంటే గాల్లో తిరగనివ్వండి' అంది. మీరక్కడే ఉన్నారు. మా ఇంట్లో కాఫీ తాగుతూ విన్నారు. మీరు మా ఇంట్లో కాఫీ తాగారని మార్త నాలుగిళ్ళకి చెప్పుకుంది.

లైసెన్సు మీ పేరున తీశారు. ఎమర్జెన్సీ రోజులు, రేడియో పెట్టె పట్టుకుని ఏటి ఒడ్డున తిరిగితే నాబోటివాణ్ణి పోలీసులు ఊరికే వదలరు. 'నా పేరైతే ఎవరూ అడగరు ఏసుపాదం గారూ' అన్నారు. సబబుగానే ఉందనుకున్నాను.

జనవరిలో మొదటిసారి ఎగరేశాం. బ్యారేజీ కింద ఇసకలో, పొద్దున ఏడింటికి. ఇసకలో చక్రాలు దొర్లవని నేనే విమానం నెత్తిమీద పట్టుకుని పరిగెత్తి వదిలాను. ఇంజనులో పోసిన ఆముదం కమురు వాసన, ఒళ్ళంతా నాకు తొమ్మిదేళ్ళ ఎయిర్‌ఫోర్సు తిరిగొచ్చినట్టయింది. పెట్టె మీ చేతిలో ఉంది. అది పైకి లేచిందో లేదో, 'పట్టుకోండి, పట్టుకోండి' అని నాకిచ్చేశారు. సీతానగరం కొండ వైపు తిప్పి, నీళ్ళ పాయ మీదుగా తెచ్చి, మీ కాళ్ళ ముందు ఇసకలో దింపాను. మీరు నన్ను కావిలించుకున్నారు. మర్చిపోయారేమో.

ఎనిమిది ఆదివారాలండి. చర్చిలో పూజ మానేసి వచ్చాను. ఫాదరుగారు అడిగితే నాకు ఒంట్లో బాలేదని మార్త అబద్ధమాడేది. ఆ ఎనిమిదిసార్లలో మీరు ఒక్కసారైనా దింపారా? పైన ఉన్నంతసేపూ తిప్పేవారు, కిందికి తెచ్చే వేళకి పెట్టె నా చేతిలో పెట్టేవారు. నేను తప్పు పట్టలేదు. నేర్చుకుంటారులే అనుకున్నాను.

మార్చిలో కాలేజీ సైన్సు ఎగ్జిబిషను. కలెక్టరు గారు వస్తున్నారన్నారు. 'ఎగరేసేది మీరే. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయిస్తాను' అన్నారు. నేను మిమ్మల్ని అడిగానా? మీ అంతట మీరే అన్నారు. మార్త నా చొక్కాకి రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

కాలేజీ గేటు దాటామో లేదో, 'ఏమోయ్, అది అటు పెట్టు' అన్నారు. ఇసకలో గారూ, గేటులో ఏమోయ్. వెనకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశానండి, నిజంగా. నా వెంట వచ్చిన మార్త అక్షరం అక్షరం కూడబలుక్కుని బోర్డు చదివింది. రూపకల్పన, నిర్మాణం, రామకోటేశ్వరరావు, భౌతికశాస్త్ర శాఖ. కింది దాకా చదివి, 'మీ పేరు వెనకపక్క రాశారేమో' అని బోర్డు వెనక్కి వెళ్ళి చూసొచ్చింది.

కలెక్టరు గారు రెక్క నిమిరి, ఎవరు కట్టారని నా వైపు చూశారు. నూనె మరకలు నా చేతులకే ఉన్నాయి మరి. మీరు మధ్యలోకొచ్చి, 'డిజైను నాదండి, ఇతను మా మెకానిక్' అన్నారు. భోజనాలు మీకు లోపల. నాకూ మార్తకీ షామియానా వాళ్ళతో పాటు చెట్టుకింద పులిహోర పొట్లాలు. తిన్నాం. ఆకలేసింది, తిన్నాం.

నాలుగింటికి పెట్టె కోసం చెయ్యి చాపితే, 'లైసెన్సు నాది కదా, బాగుండదు, నేనే ఎగరేస్తా'నన్నారు. మరి దింపడమో అంటే 'అదెంత' అన్నారు.

ఒక చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో ముక్కు దించింది, మరి లేవలేదు. సైకిల్ స్టాండు వెనక ఖాళీలో పడింది. అక్కడ మనుషుల్లేరు, దేవుడి దయ. మార్త వెళ్ళి పుల్లల్లోంచి చీరముక్కలు ఏరుకుంటోంది. మీరు కలెక్టరు గారికి చెబుతున్నారు, 'మా మెకానిక్ సరిగ్గా బిగించలేదండి' అని. అందరికీ వినబడేటట్టు. ఆ మాట ఆటోనగర్ దాకా వచ్చింది. ఎదురు షెడ్డు జక్కయ్య ఇప్పటికీ, నేను నట్టు బిగిస్తుంటే, 'గట్టిగా బిగించు ఏసుపాదం, కలెక్టరు చూస్తాడు' అంటాడు.

ఇందాక మీరన్నది విన్నాను మాస్టారూ. తప్పంతా మీ చేతిదేనని, దింపడం రాక పడేశారని, పరువు కోసం నా మీదికి తోసేశారని, ఏడాదిగా కంటికి కునుకు లేదని. మొహం చూస్తే తెలుస్తోంది, నిజమే చెబుతున్నారు.

మీ చేతిది కాదండి.

మీరు పెట్టె ఇవ్వనన్నాక, ఎగరేసేముందు ఓసారి విమానం పొట్ట మీది మూత తీసి లోపల చూశాను. తోక రెక్కని లేపే తీగ ఉంది కదా, దాని కొసన ఇత్తడి కొక్కెం. టంకం విచ్చింది. గోరుతో కదిపితే కదిలింది. అది ఊడితే దించిన ముక్కు మళ్ళీ లేవదు. మీ లాబరేటరీ పది అడుగుల్లో ఉంది, మళ్ళీ టంకం వెయ్యడం అయిదు నిమిషాల పని. ఎవరి మీదైనా పడితే ఏమిటన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదని చెప్పను. మీరు కలెక్టరు గారికి పెట్టె చూపిస్తున్నారు. 'మాస్టారూ' అని పిలిచాను. పిలిచానండి, ప్రమాణంగా. మీరు ఇటు తిరక్కుండానే 'ఆగవోయ్' అన్నారు.

ఆగాను. మూత పెట్టేశాను.

మార్తకి తెలీదు. ఫాదరుగారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా ఈ మాట చెప్పలేదు. మాస్టారు నా మీద అబద్ధమాడాడని ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగాను. మీరొచ్చి తప్పయిపోయిందని అడిగేదాకా చెప్పకూడదనుకున్నాను. అడిగారు, చెప్పాను. ఇక మీ ఇష్టం.