వేయని ఉత్తరాల పెట్టె

ఈ సన్మాన సంచిక ఎవరి పదవీ విరమణ సందర్భంగా వెలువడుతోందో, వారు ఈ పత్రికా కార్యాలయపు మెట్లు మొదటిసారి ఎక్కినది పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం. ఆ రోజు జోరుగా వాన పడుతోందనీ, నియామకపత్రం తడవకుండా చొక్కా లోపల దాచుకొని వచ్చారనీ, బయటికి తీసేసరికి సిరా అంతా బనీనుకు అంటుకొని ఏ ఉద్యోగమో తెలియక మేనేజరుగారు వారిని ప్రూఫులు దిద్దే గదిలో కూర్చోబెట్టారనీ పాతవాళ్ళు చెబుతారు. ఇరవై ఆరేళ్ళ వయసులో అలా కూర్చున్న మనిషి, అరవై నిండి, ఈ నెల ముప్పై ఒకటిన లేస్తున్నారు. ఈ మధ్యలో భవనం మారింది, యంత్రాలు మారాయి, యజమానులు రెండుసార్లు మారారు. వారి కుర్చీ మాత్రం మారలేదు. దాని చేతుల మీద రంగు పోయి, మోచేతులు ఆనే చోట రెండు గుంటలు పడ్డాయి.

ప్రూఫుల గదిలో ఐదేళ్ళు దోషరహితంగా పనిచేసిన పిమ్మట వారికి పాఠకుల ఉత్తరాల పేజీ అప్పగించారు. ఊళ్ళో ఎవరికి ఏ అభిప్రాయం కలిగినా అది కవరులో పెట్టుకొని ఆ బల్ల మీదకే వచ్చేది. ప్రభుత్వం మీద, ప్రతిపక్షం మీద, కాలువల మీద, ఫుట్‌బాల్ వీరుల మీద, కుర్రకారు సంగీతం మీద, చివరికి వాతావరణం మీద కూడా. వారు మూడు నియమాలు పెట్టుకొని అట్టముక్క మీద రాసి తలుపు పక్కన తగిలించారు. ఉత్తరం వచ్చిన వరసలోనే వేయాలి. పేరూ చిరునామా లేకపోతే వేయకూడదు. ఈ బల్ల దగ్గర పనిచేసేవారు, వారి బంధువులు రాసినవి ఎంత గొప్పగా ఉన్నా వేయకూడదు. వేయనివాటిని మాత్రం పారేసేవారు కారు. మూలన ఎర్ర పెన్సిలుతో కారణం రాసి ఒక రేకు పెట్టెలో భద్రపరిచేవారు. ‘చిరునామా లేదు.’ ‘తిట్లు ఎక్కువ, విషయం తక్కువ.’ ‘ఇది పద్యం.’

స్వంత అభిప్రాయం అంటూ ఒక్కటి కూడా వారి నోట ఎవరూ వినలేదు. అందుకే వెనకాల అందరూ ‘గోడగారు’ అనేవారు. ఆ సంగతి వారికీ తెలుసు.

“గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి కళ్ళు కూడా ఉన్నాయండోయ్, నోరొక్కటే లేదు” అనేవాడు ఆటల విలేకరి. వారి చేత ఒక్క మాటైనా పలికిద్దామని ప్రతి శనివారం వచ్చి బల్ల మీద గుద్దేవాడు. “సార్, ఇవాళ తేలిపోవాలి. ఎవరు గొప్ప? ఎడమకాలా, పొట్టోడా?”

ఆ ఇద్దరూ ఆ రోజుల్లో ఊరిని రెండుగా చీల్చిన ఆటగాళ్ళు. అన్నదమ్ములు కూడా వాళ్ళ మూలంగా ఒకరితో ఒకరు మాటలు మానుకున్న కాలం అది.

“ఉత్తరాలు సమానంగా వస్తున్నాయి” అనేవారు వారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

“నేనడిగింది ఉత్తరాల మాట కాదు మహాప్రభో, మీ మాట!”

“నాకు ఉత్తరం రాయలేదు ఎవరూ, ‘నీ మాట చెప్పు’ అని.”

ఆ ఓర్పు చూసి అందరూ మెచ్చుకునేవారు. అది ఓర్పేనో, అలసటో ఎవరూ అడగలేదు. రోజుకు నూట యాభై ఉత్తరాల చొప్పున ఇన్నేళ్ళు ఇతరుల కోపాలు చదివిన మనిషి సాయంత్రం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని దిగేవారు. ఎన్నికల ముందు ‘వీళ్ళని దింపాలి’ అని రాసిన చెయ్యే ఎన్నికలయ్యాక ‘వీళ్ళనీ దింపాలి’ అని రాసేది. వారు రెండూ వేసేవారు, వరసలో.

రెండు వేల పదకొండులో ఈ విభాగంలోకి కవర్లు కోసే ఆవిడ వచ్చింది. యంత్రాల గదిలో పనిచేసే భర్త పోయాక, ఆయనకు బదులుగా ఆవిడకు ఇచ్చిన పని అది. కవర్లు కోయాలి, ఉత్తరాలు తీయాలి, రాజకీయాలు ఒక దొంతర, ఆటలు ఒక దొంతర, పాటలూ సినిమాలూ ఒక దొంతరగా పెట్టాలి. ఆవిడకి అక్షరం ముక్క రాదని ఎవరికీ తెలియదు. ఉద్యోగం పోతుందని ఆవిడ చెప్పలేదు. కాగితాల్ని తడిమి విడదీసేది. రంగు కాగితమైతే పాటలు. గీతలూ బాణాలూ ఉంటే ఆటలు. వెనకవైపు వేలు పెడితే గుచ్చుకునేంత నొక్కి రాస్తే రాజకీయాలు. పదింట తొమ్మిది సరిపోయేవి.

పదోది ఒకనాడు అచ్చయింది. ‘భుజాల మీద మోసిన జనాన్ని వదిలేసి, రాత్రికి రాత్రి అవతలివాళ్ళలో చేరిపోయావు కదయ్యా! ఇంక నీ ముఖం మా వీధిలో చూపించకు’ అని ఒకాయన ఎడమకాలు జట్టు మారినందుకు ఏడుస్తూ రాసిన ఉత్తరం. అది రాజకీయాల శీర్షిక కింద వచ్చేసింది. తెల్లారేసరికి ముగ్గురు నాయకుల ఆఫీసుల నుంచి ఫోన్లు. ముగ్గురూ ఎవరికి వారు అది తన గురించేనని మండిపడ్డారు.

వారు ఆవిడని పిలిచారు.

“ఇందులో ఏముందని ఇటు పెట్టారమ్మా?”

“కాగితం చిరిగేలా రాశారు సార్. అంత కోపం రాజకీయాలకే వస్తుంది.”

వారు ఆ కాగితాన్ని తిరగేసి వెనకవైపు వేలితో తడిమి చూశారు. అప్పుడు అర్థమైంది.

“చదవడం రాదా?”

ఆవిడ తల వంచుకుంది. మేనేజరు అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “ఎవరండీ ఈ నిర్వాకం?”

“నేను చదివే వేశాను. తప్పు నాదే” అన్నారు వారు. మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళాక ఆవిడ వైపు తిరిగారు. “అబద్ధం కాదమ్మా. నిజంగానే చదివాను. తేడా తెలియలేదు. ఇన్నేళ్ళు చదివాక అన్నీ ఒకలాగే వినిపిస్తున్నాయి.”

మర్నాటి నుంచి టీ వేళ పదిహేను నిమిషాలు పాఠం. పలక లేదు, బాలశిక్ష లేదు. వేయని ఉత్తరాల పెట్టెలోంచి రోజుకొకటి తీసి, పక్కన తన చేత్తో పెద్ద అక్షరాల్లో రాసి చూపించేవారు. అందువల్ల ఆవిడ నేర్చిన మొదటి వాక్యం ‘ఈ చెత్త ప్రభుత్వం ఇంకెన్నాళ్ళు?’ అనేది. రెండోది ‘పెనాల్టీ తన్నడం రానివాడికి పదో నంబరు చొక్కా ఎందుకు?’ రెండేళ్ళలో ఆవిడకి చదువు వచ్చింది. రాత కూడా వచ్చింది గాని, అది అచ్చం వారి రాతే అయింది. ‘క’ తలకట్టు కొంచెం పక్కకి వాలుతుంది, వారికి వాలినట్టే. అన్నీ తెలిసి కడుపులో పెట్టుకున్న ఆ పెద్దమనసు ఈ సంస్థలో ఎంతమందికి అన్నం పెట్టిందో లెక్క తెలియదు. ఒకరి సంగతి మాత్రం ఇక్కడ రాయవలసి ఉంది కనుక రాయబడింది.

వారి కుటుంబ జీవితం గురించి కూడా రెండు మాటలు. వారికి ఒక్కతే కూతురు. మరో ఇద్దరమ్మాయిలతో కలిసి పంక్ అనే హోరు సంగీతం మొదలుపెట్టింది. తలలో సగం గొరిగించుకుంది. పాత గిడ్డంగిలో కచేరీలు చేసేది. ఏడేళ్ళ కిందట ఒక రిటైర్డ్ ఇంజనీరుగారి ఉత్తరం వచ్చింది. ‘ఇది సంగీతమా? రేకుల షెడ్డు మీద రాళ్ళ వాన! ఆ పాడే పిల్లకి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?’ పేరుంది, చిరునామా ఉంది, వంతు వచ్చింది. వారు వేశారు. ఒక్క మాట కోయలేదు.

తరవాత జరిగింది వారి శ్రీమతిగారు చెప్పినది. ఆ ఉదయం పిల్ల పేపరు తెచ్చి వారి ముందు పెట్టిందట.

“నాన్నా, ఇది నువ్వే వేశావా?”

“వరసలో వచ్చిందమ్మా.”

“సరే. నీకేమనిపించింది?”

“నాకేమనిపిస్తే ఏముంది?”

“నాకుంది నాన్నా. ఊళ్ళో ప్రతి అడ్డమైనవాడి అభిప్రాయం నీకు కావాలి. నాకు నీదొక్కటీ కావాలి.”

వారు పేపరు మడత పెట్టారట. ఆ నెలలోనే పిల్ల ఊరికి అవతలి చివర గది తీసుకొని వెళ్ళిపోయింది. తల్లితో మాట్లాడుతుంది. తండ్రికి మాత్రం ‘బాగున్నారా’ వరకే.

ఈ సంచిక పని మొదలయ్యాక శ్రీమతిగారు కవర్లు కోసే ఆవిడకి ఫోను చేశారు.

“పిల్ల వీడ్కోలు సభకి రానంటోంది వదినా. ‘నా గురించి ఏమనుకున్నారో ఏడేళ్ళలో ఒక్క మాట చెప్పని మనిషిని, అందరూ పొగుడుతుంటే కూర్చుని ఏం వినాలమ్మా’ అంటోంది. ఈయనతో చెబితే ‘దాని ఇష్టం’ అన్నారు. అని, అన్నం సగంలో లేచిపోయారు.”

ఆ వారంలోనే, వారి తరవాత వచ్చే వారికి అప్పగించడానికి ఆవిడ రేకు పెట్టె సర్దింది. అడుగున, పాత ఉత్తరాల కింద ఒక కాగితం కనిపించింది. చదవకముందే ఆ రాత ఎవరిదో తెలిసిపోయింది. తలకట్లు పక్కకి వాలి ఉన్నాయి. ఆ ఉత్తరం ఇది:

‘సంపాదకులకు,

పోయిన నెల మీ పేజీలో ఇంజనీరుగారు పంక్ సంగీతం మీద రాసింది చదివాను. వారు కచేరీకి వెళ్ళకుండా రాసినట్టున్నారు. నేను ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. చెవుల్లో దూది పెట్టుకొని వెళ్ళి, రెండో పాటకి తీసేశాను. రాగం లేదన్నారు, నిజమే. శ్రుతి కూడా అక్కడక్కడా తప్పింది. కాని మూడో పాటలో ఆ అమ్మాయి, పైపులు వేసి నీళ్ళు మరిచిపోయిన పెద్దల్ని “ఇందులోంచి తాగి చూపించు” అని పదిహేనుసార్లు అడిగింది. ఇదే సంగతి మీద ఈ పేజీకి నాలుగు వందల ఉత్తరాలు వచ్చి ఉంటాయి. ఒక్కటీ అంత సూటిగా అడగలేదు. చాలా ఏళ్ళ తరవాత ఒకరి కోపం విని నాకు అలసట రాలేదు.

ఆ పిల్లకి ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా అని ఇంజనీరుగారు అడిగారు. ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నారు. బాగుందని చెప్పడం చేతగాక బస్సెక్కి ఇంటికి వచ్చేశారు.

ఇట్లు, ఒక పాఠకుడు.’

మూలన ఎర్ర పెన్సిలుతో, అదే చేతిరాత: ‘పేరు, చిరునామా లేవు. రాసినవారు ఈ బల్లకు చెందినవారు. వేయరాదు.’

ఆవిడ టీ వేళ దాకా ఆగి, ఆ కాగితం వారి ముందు పెట్టింది.

“సార్, ఇది పాఠంలో రాలేదు.”

వారు చదివారు. మళ్ళీ చదివారు. “ఇది వేయనివాటిలోది కదమ్మా.”

“అవును సార్. ఎందుకు వేయలేదో కూడా రాశారు.”

“నియమం.”

“అది పేజీకి సార్. నేను రాసేది మీ సన్మాన సంచికకి. దానికి అట్టముక్క ఎవరూ తగిలించలేదు.”

టీ చల్లారిపోయింది. పక్క గదిలో ఎవరో ఫోనులో ప్రభుత్వాన్ని తిడుతున్నారు. వారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. ఆ ముఖంలో ముప్పై నాలుగేళ్ళూ కనిపించాయి.

“పేరు లేని ఉత్తరం ఎక్కడా వేయకూడదమ్మా” అన్నారు చివరికి.

ఇంక లాభం లేదనుకొని ఆవిడ కాగితం కోసం చెయ్యి చాపింది. వారు ఇవ్వలేదు. ఎర్ర పెన్సిలు తీసుకొని ‘ఒక పాఠకుడు’ అన్నది కొట్టేశారు. దాని కింద ‘ఆ గాయని తండ్రి’ అని రాశారు. ఇంటి నంబరు, వీధి పేరు కూడా వేసి, చుక్క పెట్టి ఆవిడ చేతికిచ్చారు.

ఆవిడ తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచారు.

“ఏమ్మా, ఆ ఆటల విలేకరి ఇంకా అడుగుతున్నాడా?”

“ప్రతి శనివారం సార్.”

“పొట్టోడే అని చెప్పండి. మొదటినుంచీ పొట్టోడే. ఎడమకాలు ఉత్త ఆర్భాటం.”

ఈ మాట ఇక్కడ అచ్చవుతున్నందుకు సగం ఊరు వారికి ఉత్తరాలు రాయవచ్చు. రాయనివ్వండి. ఇకపై వాటిని వరసలో పెట్టవలసిన బాధ్యత వారిది కాదు.

ఈ సంచిక మొదటి ప్రతి ఊరికి అవతలి చివర ఉన్న ఒక గదికి పోస్టులో వెళుతుంది. కవరు మీద చిరునామా రాసి సిద్ధంగా ఉంది. పద్నాలుగేళ్ళుగా కవర్లు కోస్తున్న ఆవిడ ఒక కవరు అంటించబోవడం ఇదే మొదలు. సభలో ముందు వరసలో, శ్రీమతిగారి పక్కన ఒక కుర్చీ అట్టేపెట్టమని కార్యదర్శిగారికి చెప్పడం జరిగింది.

సహోద్యోగులందరి తరఫున కోరుకునేది ఒక్కటే. వారి కళ్ళకి ఇకనైనా విశ్రాంతి దొరకాలి. మోకాళ్ళు మెట్లకి భయపడకుండా ఉండాలి. వారు సతీసమేతంగా నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు బతకాలి. మిగిలిన ఆ నలభై ఏళ్ళూ నోరు తెరిచి, ఇంట్లో అందరితో పోట్లాడుతూ గడపాలి.

ఇట్లు,
కవర్లు కోసే ఆవిడ,
పాఠకుల ఉత్తరాల విభాగం.