అమ్మకందని బండి

ఇవాళ కుదరదంటే ఎలా థనోమ్ అన్నా? రేపు మధ్యాహ్నం అమ్మ దహనం. శవపేటిక ఈ పికప్ బండిలోనే వెళ్ళాలి. ఆ పెద్ద టైర్లు తీసి పాతవి వెయ్యి, అంతే.

వేరే బండి చూసుకోమంటావా? మన ఫ్రే ఊళ్ళో బండ్లు లేకనా! అమ్మ ఏళ్ళ తరబడి ఈ బండి వెనకే, కూరగాయల బుట్టల మధ్య కూర్చుని సంతకి వెళ్ళింది. ముందు కూర్చోమంటే ఊపిరాడదనేది.

మా కోమ్సన్ రాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ తమ్ముడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. అందుకే నేనొచ్చాను.

బండి నీ దగ్గరికి తెచ్చిన రోజు వాడు నీతో ఏమన్నాడు? మొక్కజొన్న చేలోకి వెళ్తుంటే బురదలో దిగబడుతోందన్నాడు, అంతేగా? నువ్వు టైర్లు పెంచావు, కింద దిమ్మలు పెట్టి బండినీ లేపావు. తప్పని ఎవరన్నారు? పని బాగానే చేశావు. ఇప్పుడు దిగబడటం లేదు.

చక్రాలు విప్పే ముందు పూలదండ కట్టి, అగరొత్తులు వెలిగించి, బండిని కాచే తల్లిని అనుమతి అడిగాడట కదా? ఆ తల్లిని అడిగాడు! రోజూ ఎక్కి దిగే తల్లిని అడగలేదు.

మొదటి రోజు అమ్మ ఒకటే నవ్వు. "ఏంట్రా, నన్ను ఏనుగెక్కిస్తావా?" అంది. వాడు చంకల కింద చేతులేసి ఎత్తి కూర్చోబెట్టాడు. వాడు పక్కనుంటే సరే. మొన్న సంతలో వాడు కాఫీకి వెళ్ళాడు. ఈవిడ సోడాల పెట్టె తిరగేసుకుని ఎక్కబోయింది. పెట్టె జారింది. తల సిమెంటుకి కొట్టుకుంది.

రేపు పేటిక మేమే ఎత్తుతామంటున్నారు అమ్మ తమ్ముళ్ళు నలుగురూ. అందరికీ డెబ్బై దాటాయి. వాళ్ళ భుజాలకి ఇంతెత్తు అందుతుందా? చేయి జారితే? ఒకే బండి దగ్గర మా అమ్మ రెండుసార్లు పడాలా?

ఏంటీ? పాత టైర్లు లేవా? వాడే అమ్మెయ్యమన్నాడా?

...సరే. దిమ్మలైనా తియ్యి. ఏం, టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుందా? రాసుకోనీ. రేపు ముందు నడిచే బౌద్ధ భిక్షువుల వెనక, నడక వేగంతోనేగా వెళ్ళేది. నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసెయ్. బండి నాలుగు వేళ్ళ ఎత్తు దిగినా చాలు.

ఎల్లుండి నుంచి మీ ఇష్టం అన్నా. ఎంతెత్తు కావాలంటే అంతెత్తు లేపుకోండి. ఇక వెనకెక్కే మనిషి లేదుగా.