సున్నపు తేట

కంపు, మైమూనూ, కంపు! నీకు రావడంల్యా? మూడు దినాల నుంచి చేతులు కడుగుతాండా. ఎర్రసోపు ఒకటి అరిగిపాయ. శీకాయ రుద్దినా, చింతపండు రుద్దినా. పోదే! అన్నం ముద్ద నోటికాడికి తెస్తే సచ్చిన సముద్రం వాసన. థూ!

ఆడ ఎండలో ఎందుకమ్మీ నిలబడినావు? లోపలికి రా. మీ వరమ్మత్త బతికుంటే నీకు టీ పెట్టిచ్చుండు. నాకు చేతగాదు. నీళ్ళన్నా తాగు. వద్దా? సరే, నీ ఇష్టం.

నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసులే. ఉండు, ఆ మాటకే వస్తా. ముందు నన్ను రోంతసేపు తిట్టుకోనీ.

ఎవుర్నంటావేంది? ఆ తిమ్మారెడ్డిని! ఇంకెవుర్ని? జమ్మలమడుగులో పుట్టి, పెన్నలో మోకాటి లోతు నీళ్ళు గూడా నాలుగేండ్లకోసారి చూసేటోడు, నడింట్లో సముద్రం పెట్టుకుంటాడంట సముద్రం! ఏం పోయేకాలమో చెప్పు.

మద్రాసుకు గుండాపరేషన్ కోసరం పాయ గదా, ఆ ఆసుపత్రి హాల్లో చూసినాడు. డబల్ కాట్ మంచమంత అద్దాలపెట్టె. దాంట్లో ఉప్పునీళ్ళు, చేపలు, పగడాలు. వచ్చినాక అదే కావాలని పట్టుబట్టినాడు. యాలంటే ఆసుపత్రికి తప్ప ఆయప్ప గేటు దాటి ఎన్నేండ్లాయ? దాటాలంటే ముందొక సుమో, ఎనకొక సుమో. చుట్టూ బాంబులోళ్ళు. సినిమాకు పోల్యాడు, తిరునాళ్ళకు పోల్యాడు, సొంత చెల్లెలు సచ్చిపోతే మట్టెయ్యను పోల్యాడు. ఇంగ ఏం జేస్తాడు? ఆ పెట్టె ముందర కుర్చీ ఏసుకోని కూచుంటాడు.

పగడమంటే ఉంగరంలో రాయి అనుకుంటాం గదా మనం. కాదు, దానికి ప్రాణముంటాది. చూస్తే రాయే, మీద మెత్తని తోలు, పువ్వు మాదిరి ఇచ్చుకుంటాది. మంచివేలే. వాటిని నేనేమీ అనను. పాపం వాటికేం తెలుసు, ఎవురింట్లో ఉండామని.

ఒకనాడు పెట్టెలో రొయ్య పైతోలు ఇడ్సింది. అవి ఇడుస్తాయి, వాటి పద్ధతే అది. ఈయప్ప చూసి, "అయ్యో, సచ్చిపాయనా" అని కండ్లనీళ్ళు పెట్టుకున్యాడు మే! ఎంతమంది ఇండ్లల్లో తాళిబొట్లు తెంపించినాడు! ఏనాడన్నా మొఖం తిప్పుకున్యాడా? రొయ్యకు ఏడిస్తాడంట. నాకు ఆ పొద్దే తెలిసిపాయ ఆయప్ప ఎట్లాంటోడో.

తెలిస్తే మాత్రం? లేసి వచ్చేసినానా? రాలా.

నీకు తెలుసో లేదో, నేను సారును కాదమ్మీ. కాలేజీ ల్యాబులో అటెండర్ని. ముప్పైరెండేండ్లు గాజుగ్లాసులు కడిగినా, సీసాలకు చీటీలంటించినా. లెక్చరర్లు "ఒరే దేవదానం" అని పిలిచేటోళ్ళు. మా సంఘంలో గూడా "గ్లాసుల దేవదానం" అంటారు. రిటైరైనాక ఆ పెట్టె కడిగే పనికి పోతే, నన్ను "సారూ" అనింది యాడంటే ఆ బంగళాలోనే. తిమ్మారెడ్డి నోటితో. "మా దేవదానం సారుకు కెమిస్ట్రీ అంతా కొట్టినపిండి" అని వచ్చినోళ్ళందరికీ చెప్పేటోడు. ఆ ఒక్కమాటకు నేను కుక్కనైపోయినా.

ఆ మాట యాడ నుంచి వచ్చిందో చెప్తా ఉండు. ఆ పగడాలు పెరగాలంటే నీళ్ళల్లో సున్నముండాల. మన ఎముకలకు కావాల్సినట్టే. సముద్రంలో ఐతే కొదవుండదు. పెట్టెలో ఎంతని ఉంటాది? అవి పీల్చేస్తాయి, అయిపోతాది, మళ్ళీ పొయ్యాల. దానికి పరదేశం నుంచి సీసాలొస్తాయి, ఇంతింత సీసాలు. ఒక్కోటి మీ ఆయన నెల జీతం. ఆయప్ప పెండ్లాం ఇందిరమ్మకు ఒళ్ళు మండింది. "ఎలక్షన్లు నెత్తిమీద ఉంటే రాళ్ళకు టానిక్కులా" అని మొగునితో జగడం పెట్టుకునింది.

నేను ఊరికే ఉండొచ్చు గదా? ఉండలా. "సున్నానికి సీసాలెందుకమ్మా, ఎర్రగుంట్ల చుట్టూరా భూమంతా సున్నపురాయే గదా" అంటి. అనినందుకు చేసి చూపించినా.

శానా సులువు మే. బట్టీలో కాల్చిన సున్నం తెచ్చి, నీళ్ళు పోసి చల్లార్చాల. మంచినీళ్ళ డ్రమ్ములో రెండు గుప్పిళ్ళేసి, కలిపి, మూతేసి, కదిలించకుండా ఒక దినం పెట్టాల. తెల్లదంతా అడుక్కు దిగిపోతాది. పైన తేట నిలుస్తాది, తాగేనీళ్ళ మాదిరి. ఆ తేటే కావాల. అడుగుది ముట్టుకోగూడదు. తేటను గూడా ఒక్కసారి కుమ్మరిస్తే వాటి తోలు కాలిపోతాది. సుక్క, సుక్క, సుక్క. దానికి మందులషాపులో సెలైన్ పైపు కొన్నా. డ్రమ్ము పైన పెట్టి, పైపు ఏలాడేసి, చక్రం తిప్పి సుక్కలు లెక్కబెట్టినా.

మీ సందులో మాబున్నికి కాన్పు కష్టమైతే సెలైన్ ఎక్కించే దిక్కులేక ఆటోలో ప్రొద్దుటూరుకు పరిగెత్తిరి గదా? ఆ పొద్దు నేను ఈడ రాళ్ళకు సెలైన్ ఎక్కిస్తాండా! ఛీ, నా బతుకు.

ఆర్నెల్లు బ్రహ్మాండంగా నడిచింది. పగడాలు కొత్త కొసలేసినాయి, ఊదారంగు కొసలు. పెట్టె బాగోగులు చూడను మద్రాసు నుంచి వచ్చినోడు నోరెళ్ళబెట్టినాడు. మా పెద్దాయన తిమ్మారెడ్డి నా భుజం మీద చెయ్యేసినాడు. భుజమ్మీద చెయ్యి, మైమూనూ! ఇంటికొచ్చి మీ వరమ్మత్త ఫోటోకు చెప్పుకున్యా.

ఏందీ? మీ ఆయన సంగతి మాట్లాడమంటావా? ఆయన సంగతే గదమ్మీ ఇదంతా. రోంత ఓపిక పట్టు.

మొన్న శనివారానికి పార్టీ పెద్దోళ్ళు హైదరాబాదు నుంచి టిక్కెట్టు మాట్లాడను వస్తారని కబురొచ్చింది. పెద్దాయన ఒకటే తొందర. "సారూ, పెట్టె ధగధగలాడాల" అన్యాడు. చూస్తే నా తావ సున్నం పిడికెడు గూడా లేదు. బుధవారం ప్రొద్దుటూరులో బాంబులేసుకునిరి, మూడు దినాలు బందు. లారీల్లేవు, బట్టీ మూసినారు. సున్నం లేదని చెప్పొచ్చు గదా? ఒక వారం సున్నం లేకుంటే అవి సావవు. కానీ సారు "లేదు" అని యాడన్నా చెప్తాడా?

పులివెందుల రోడ్డులో ఆయనకు చీనీకాయల తోట ఉండాది గదా, అక్కడి షెడ్డులో సున్నముంటాదని జ్ఞాపకమొచ్చింది. శుక్రవారం పొద్దున జీపులో పోయినాం. జీపు తోలింది ఎవురు? మీ ఆయనే, నూర్ అహ్మద్. సున్నం మూట దొరికింది. పక్కన ఖాళీ డ్రమ్ము ఉంటే అదీ ఏసుకున్యాం, నా పాతది పగిలిందని.

శుక్రవారం మాపటికి కలిపినా. తేరుకోవడానికి ఒక దినం కావాల, నాకు ఆ దినం యాడుంది? పొద్దున్నే పెద్దోళ్ళొస్తారు. తేరుకోకముందే, పాల మాదిరి ఉండంగానే, చెంబుతో ముంచి రోంత రోంత పోసేసినా.

శనివారం తెల్లారేసరికి అద్దానికి పట్టుకోనుండే నత్తలన్నీ కింద పడిపోయినాయి. రొయ్యలు ఎల్లకిలా. ఇంగ పగడాలు... ఎట్ల చెప్పాల? వాటి తోలు ఊడి, చీము మాదిరి నీళ్ళల్లో తేలింది. హైదరాబాదోళ్ళు ముక్కుకు గుడ్డలడ్డం పెట్టుకోని పది నిమిషాలు గూడా కూచోలా. ఆ గలీజంతా చేత్తో ఎత్తిపోసింది నేనే. అందుకే ఈ కంపు.

ఏమాయనో నాకు అప్పుడే తెలిసింది. డ్రమ్ము కాడికి పోయి చూసినా. చీనీ మొదళ్ళకు బంకతెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపి పూస్తారే, ఆ మైలుతుత్తం నానబెట్టిన డ్రమ్ము అది. మైలుతుత్తమంటే రాగి. చెట్లకు మంచిదే. మనిషికి రవ్వంత పోతే ఏమీ కాదు. నత్తకు, రొయ్యకు, పగడానికి ఆ రవ్వంతే సావు. ఒక్క దినం తేరనిచ్చుంటే ఆ రాగి శానావరకు సున్నంతో పాటు అడుక్కు పోయుండు. ఇది ఇంటర్ ఫస్టియర్ పిల్లోళ్ళకు తెలుసు.

ఏందీ, ఇది పెద్దాయనకు పోయి చెప్పమంటావా? ఆయన ఏమంటాండాడో విన్యావా? "నా మీద ఏసే ముందు నా సముద్రం మీద ఏసి చూసినారు" అంటాండాడు. ఎదుటి పార్టీవోళ్ళు ఇషం కలిపించినారంట. అన్నం గూడా ఇంగొకడు తిని చూసినాకనే తింటాండాడు. పురుగులు సచ్చిపోతే దాంట్లో గూడా ఫ్యాక్షనే! వీళ్ళ మొఖాలు మండ. దేన్ని చూసినా వీళ్ళకు ఎవురో ఎవుర్నో సంపినట్టే కనపడతాది.

మీ తమ్ముడు షరీఫ్ పోయిన నెల ఆ పార్టీలోకి పోకుంటే ఇంత దూరం రాకపోవునేమో. సరే, పోయినాడు. ఎవురి కడుపు కోసరం వాళ్ళు పోతారు. దానికి బావను చీనీతోట షెడ్డులో కట్టేస్తారా?

తిండన్నా పెడతాండారా? కావలోడు చెప్పినాడా నీకు? ఏమన్నాడు?

ఏందీ... మళ్ళీ చెప్పు.

"సారు వస్తాడు, సారు వచ్చి చెప్తాడు" అంటాండాడా నూర్ అహ్మద్? ఎంత కొట్టినా అదొక్క మాటేనా?

ఏసయ్యా.

అట్ల చూడొద్దు మైమూనూ. నువ్వు అట్ల నమ్మకంగా చూస్తే నాకు ఇంగా అసయ్యమేస్తాది. నేను మంచోన్నని ఎవురు చెప్పినారు నీకు? కూచో. లేయొద్దు. చెప్పేదాకా కూచో, మళ్ళ నాకు నోరు రాదు.

శనివారం బంగళాలో అందర్నీ నిలబెట్టినారు. పెద్దాయన నన్ను ఒక్కన్నే కుర్చీలో కూచోబెట్టినాడు. "సారూ, నువ్వు చదివినోనివి, నువ్వు చెప్పు. నీళ్ళు ఎవురెవురు ముట్టుకుంటారు?" అన్యాడు. నేను ఏమన్నానంటే... "నీళ్ళ క్యాన్లు తెచ్చేది నూర్ అహ్మదే గదా" అన్నా.

అంతే. అంతకుమించి ఒక్కమాట అనలా. అబద్ధం గూడా కాదు. ఎర్రగుంట్ల స్టేషన్ నుంచి మద్రాసు సముద్రపు నీళ్ళ క్యాన్లు తెచ్చేది ఆయనే గదా. నిజమే చెప్పినా. నిజం చెప్పి మనిషిని పట్టించొచ్చని నాకు ఆ పొద్దే తెలిసింది. అందరూ ఆయన పక్కకు తిరిగిరి. ఆయన మాత్రం నా పక్కకే చూసినాడు. కోపంతో కాదమ్మీ. ఇంగా ఏమన్నా చెప్తానేమోనని.

ఇంగొకటుంది. ఇది ఎవురికీ తెలీదు, నాకూ ఆయనకే. షెడ్డులో డ్రమ్ము జీపులోకి ఎత్తేటప్పుడు నూర్ అహ్మద్ చూసినాడు. "సారూ, లోపల అంచుకు నీలంగా ఏందో పట్టిందే, కడుక్కోనొస్తా ఉండు" అన్యాడు. బోరు కాడికి పోబోయినాడు గూడా. నేనే ఆపినా. "వెల్లలో నీలిమందు ఏసింటార్లేప్పా, గోడలకు తెల్లగా రావాలని. దానికి ఏమీ కాదు. కెమిస్ట్రీ నాకు చెప్తావా?" అని నవ్వినా. ఆయప్ప గూడా నవ్వి, "అవును సారూ, నాకేం తెలుసు" అని బండెక్కినాడు.

కడగనిచ్చుంటే అయిపోయుండు గదా, మైమూనూ! ఒక బిందె నీళ్ళు.

ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్లలో రొట్టెకు చెయ్యి చాపలా. పాస్టరు జయకర్ "ఏమప్పా, ఒంట్లో బాగలేదా" అనడిగితే జరమన్నా. పొద్దున నుంచి రెండుమార్లు చొక్కా తొడుక్కున్యా బంగళాకు పోదామని. రెండుమార్లూ ఇప్పేసినా. వాళ్ళు కొడతారనా? కొడతారు. సంపుతారేమో గూడా. కానీ దాని కోసరం కాదు. నాకు తెలుసు దేని కోసరమో. "ఒరే దేవదానం" అంటాడు, నలుగుర్లో. ఆ ఒక్కమాట కోసరం నీ మొగున్ని రెండు దినాలు షెడ్డులో ఉంచినా. నేను ఇంతోన్ని.

ఏడవద్దు. తిట్టు. తిట్టవేం? మీ వరమ్మత్తైతే చీపురు తిరగేసుండు.

యాడికి? బంగళాకేనా? పో. నేనాపను. డ్రమ్మును బంగళా నుంచి తెచ్చి మా స్నానాలగది ఎనకాల బోర్లించిపెట్టినా, గోనెపట్ట కప్పి. లోపల చెయ్యిపెట్టి గీకితే నీలం గోటికొస్తాది. తీసుకుపోయి ఇందిరమ్మకు చూపించు, ఆయమ్మకు తోట సంగతి తెలుసు. ఆయనకు ముందు చూపించొద్దు. దేవదానమే చేసినాడని చెప్పు. నా పేరు చెప్పు, బయపడొద్దు.

మైమూనూ, ఒక్క మాట. చెప్పేటప్పుడు... తెలీక చేసినాడని చెప్పు. కావాలని చేసింది కాదు, సారు చదివినోడే గానీ ఆ పొద్దు తొందరలో గమనించుకోలేదు అని...

చూసినావా? చూసినావా నన్ను? నీ మొగుడు ఆడ దెబ్బలు తింటాంటే ఈడ నేను నా మాట ఎట్ల చెప్పాల్నో నేర్పిస్తాండా! థూ, నా బతుకు పాడుగాను. అదేమీ చెప్పొద్దు. గ్లాసులు కడిగేటోడు అని చెప్పు.

పో అమ్మీ. నడిచి పోవద్దు, రోడ్డుమీద ఆటో దొరుకుతాది. బిరీన పో.